అడక్కుండా ఇచ్చిన మాట

2017 ఏప్రిల్ 27 అర్ధరాత్రి దాటాక, హైదరాబాద్‌లో ఒక థియేటర్ మెట్ల మీద నిలబడి, మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనొక తీర్పు రాశాను. ‘ఫస్టాఫ్ అద్భుతం. సెకండాఫ్‌లో జోరు తగ్గింది. క్లైమాక్స్ అతి అయింది.’ అంతే, మూడు వాక్యాలు. ‘బాహుబలి: ది కంక్లూజన్’ విడుదల మర్నాడు, 28న. ముందురాత్రి ప్రీమియర్‌కి మా స్నేహితుడొకడు టికెట్లు సంపాదించాడు. ఊళ్ళో వాళ్ళకంటే ముందు చూశానన్న ఉత్సాహం నాది. ఆ ఉత్సాహంలోనే తీర్పు కూడా వచ్చేసింది.

ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్ళం ఒక్క జవాబు కోసమే వెళ్ళాం. 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగం చివర, కట్టప్ప తన చేతులతోనే అమరేంద్ర బాహుబలిని వెన్నుపోటు పొడిచాడని చెప్పి, రాజమౌళి మమ్మల్ని ఇంటికి పంపేశారు. ఎందుకు పొడిచాడన్నది దాదాపు రెండేళ్ళు దేశమంతా నలిగిన ప్రశ్న. టీకొట్టు దగ్గర ఒకటి, కాలేజీ క్యాంటీన్‌లో ఒకటి, ఎవరి జవాబు వాళ్ళు అల్లుకున్నారు. నేనూ అల్లుకున్నాను. అందుకే ఆ రాత్రి తెర మీద జరుగుతున్న కథ చూడలేదు. నా కథ, వాళ్ళ కథ సరిపోతున్నాయా లేదా అని చూశాను.

మొదటి భాగానికి ప్రేక్షకుడు ఖాళీ చేతులతో వెళతాడు. రెండో భాగానికి బాకీ పత్రంతో వెళతాడు. తెలుగులో అంతకుముందు ఆ బాకీ తీరిన సందర్భాలు తక్కువ. ‘శంకర్‌దాదా జిందాబాద్’ 2007లో, ‘కిక్ 2’ 2015లో, ‘సర్దార్ గబ్బర్ సింగ్’ 2016లో వచ్చాయి. మొదటి సినిమా మీద జనానికున్న ప్రేమని అవి అందుకోలేకపోయాయి. అయితే వాటి మొదటి సినిమాలు ముగిసిపోయిన కథలు. వాటికి తర్వాతెప్పుడో కొనసాగింపు కట్టారు. ‘బాహుబలి’ అలా కాదు. విజయేంద్రప్రసాద్ రాసిన ఒకే కథని నడిమికి కోసి, సగం ముందు పెట్టి, మిగతా సగానికి ఆకలి మిగిల్చారు. అంత ఆకలితో కూర్చున్నవాడికి విస్తట్లో ఏం వడ్డించారో తెలుసుకునే నిదానం ఉండదు.

విడుదలైన రెండు మూడు రోజుల్లో సమీక్షలన్నీ వచ్చేశాయి. ఎక్కువమంది మెచ్చుకున్నారు. సాబు సిరిల్ కట్టిన మాహిష్మతినీ, సెంథిల్ కుమార్ కెమెరానీ, కీరవాణి నేపథ్య సంగీతాన్నీ, రమ్యకృష్ణ, అనుష్కల నటననీ పేరు పేరునా పొగిడారు. విశ్రాంతి ముందు ఘట్టం గురించి చెప్పని వాళ్ళు లేరు. భల్లాలదేవుడు పట్టాభిషిక్తుడై కూర్చున్న సభలో, ఒట్టి సేనాధిపతిగా ప్రమాణం చేస్తున్న బాహుబలి కోసం జనం వేసే కేకలు ఆ సింహాసనం కింద నేలనే కదిలిస్తాయి. తప్పులూ పట్టారు. తాటిచెట్లని వంచి వాటి విసురుతో కోటలోకి ఎగరడం నమ్మేలా లేదన్నారు. గ్రాఫిక్స్ కొన్నిచోట్ల తేలిపోయాయన్నారు. చివరి పోరు సాగిందన్నారు. నా మూడు వాక్యాలు కూడా వీటిలోని ముక్కలే.

వేసవి సెలవులకి మే రెండో వారంలో తణుకు వెళ్ళాను. అప్పటికే సినిమా 1,000 కోట్ల రూపాయల వసూళ్ళు దాటింది. మన దేశంలో ఆ గీత దాటిన మొదటి సినిమా అదే. ఆ అంకె మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. వీధి చివర సైకిల్ స్టాండ్ నడిపే పెద్దాయన మా నాన్నతో చెప్పిన మాట మాత్రం పట్టింది: “రెండో వారం మ్యాట్నీకి లేడీస్ క్యూ గేటు దాటిందండి. ఇంక చూస్కోండి.” మా వైపు సినిమా వ్యాపారంలో ఉన్నవాళ్ళకి అదే పెద్ద కొలత. మొదటి మూడు రోజులు అభిమానులవి, తర్వాతి రోజులు ఇళ్ళవి. అన్నం వార్చి, పిల్లలకి జడలు వేసి, బీరువా తాళం కొంగున ముడేసుకుని వచ్చిన ఆడవాళ్ళు ఒక సినిమాకి వరస కట్టారంటే, అది కత్తియుద్ధం కోసం కాదని ఆయనకి తెలుసు.

మా ఇంట్లోంచి ఆరుగురం బయల్దేరాం. నాన్న కోర్టులో బెంచి క్లర్కుగా రిటైరయ్యారు. నాన్నమ్మకి అప్పటికి ఎనభై ఒకటి. హాల్లో సినిమా చూసి పదిహేనేళ్ళు దాటింది. అమ్మ, అత్త, లా చదువుతున్న మా బాబాయి కూతురు, నేను. రెండోసారి చూడటం వల్ల నాకొక అదృష్టం కలిగింది. జవాబు ముందే తెలుసు కాబట్టి, ఇంక ప్రశ్న నన్ను అడ్డగించలేదు. తెరనీ చూశాను, పక్కవాళ్ళనీ చూశాను.

మొదట్లోనే రాజమాత శివగామి నెత్తిన నిప్పుకుండతో నడుస్తుంది. ఆగకూడదన్న నియమం, ఎదురుగా మదపుటేనుగు. కొడుకు రథాన్ని లాక్కొచ్చి అడ్డుకుంటాడు. ఆ రాత్రి హైదరాబాద్‌లో మేం బాహుబలి కోసం అరిచాం. ఇక్కడ మా అత్త రెండు చేతులూ జోడించింది శివగామికి. ఆగకుండా నడవడం అంటే ఏమిటో భర్త పోయాక ముగ్గురు పిల్లల్ని పెంచిన ఆవిడకి తెలుసు.

తర్వాత కుంతల రాజ్యం. దేవసేన, ఆమె బావ కుమారవర్మ, ఏమీ తెలియని అమాయకుడిలా నటించే బాహుబలి, మామగా నటించే కట్టప్ప. హాలంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యలోనే ఉత్తరం ఘట్టం వచ్చింది. చిత్రం చూసి దేవసేన మీద మనసు పడిన భల్లాలదేవుడు తల్లిని అడుగుతాడు. తల్లి మాటిచ్చేస్తుంది. కానుకలు పంపుతుంది, వర్తమానం పంపుతుంది. ఆ పిల్లని ఒక్కమాట అడగదు. కొడుకుల్లో ఒకడు అప్పటికే ఆ పిల్ల కోసం ఊరుకాని ఊళ్ళో కూర్చున్నాడని ఆవిడకి తెలియదు. తెలిసిన కొడుకు చెప్పడు. దేవసేన ఆ కానుకల్ని తిప్పికొట్టినప్పుడు హాల్లో ఈలలు మోగాయి. మా నాన్నమ్మ మాత్రం కుర్చీ చేతి మీద వేళ్ళు బిగించి కూర్చుంది.

విశ్రాంతి తర్వాత భాగంలో జోరు తగ్గిందని కదా నేను రాసింది. ఆ భాగంలో మా వరసలో ఒక్కరూ కదల్లేదు. దేవసేన సీమంతం సభలోనే భర్తని పదవి నుంచి తొలగించే ఘట్టం వచ్చింది. గుడి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ మీద చెయ్యి వేస్తున్న కొత్త సేనాధిపతి సేతుపతి వేళ్ళని దేవసేన నరికే ఘట్టం వచ్చింది. అప్పుడు బాల్కనీలో లేచిన చప్పట్లు ఆడవాళ్ళవి. అభిమానులు కొట్టే చప్పట్లకి ఒక లయ ఉంటుంది, ముందే సిద్ధమై ఉంటుంది. వీటికి లయ లేదు. బస్సుల్లో, తిరునాళ్ళలో ఏళ్ళ తరబడి మోచేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చిన చప్పుడది. కథ నెమ్మదించిందని నేననుకున్న చోట కత్తులు మాత్రమే ఆగాయి. ఇల్లు మొదలైంది.

ఇంటికొచ్చాక అరుగు మీద అన్నాలు తిన్నాం. చర్చ రాత్రి పదకొండు దాటినా ఆగలేదు. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న ఎవరూ ఎత్తలేదు. శివగామి చేసింది తప్పా ఒప్పా అన్నదే ప్రశ్న.

“ఎక్స్‌పార్టీ డిక్రీ,” అన్నారు నాన్న. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం ఆయన గొంతులో ఉంది. “నోటీసు లేదు, అవతలి పక్షం హాజరు లేదు, సాక్షిని అడ్డప్రశ్న అడిగినవాడు లేడు. మొగుడు బిజ్జలదేవుడు ఏడుస్తూ ఒక మాట చెప్పాడు, ఆవిడ బాహుబలికి మరణశిక్ష వేసేసింది. మున్సిఫ్ కోర్టులో పాతిక రూపాయల బాకీ దావా కూడా అలా తేల్చరు.”

“అమలు చేసినవాడి సంగతేంటి పెదనాన్నా?” అంది చెల్లి. “ఆజ్ఞ తప్పని తెలిసీ కట్టప్ప పాటించాడు కదా.”

“వాడు బానిస తల్లీ. మాట ఇచ్చిన వంశం. ఆ మాట ఎవడో తాత ఇచ్చాడు, మోసేది మనవడు.”

చెల్లి అక్కడితో ఆగలేదు. “నాకు ఇంకో రెండు ఉన్నాయి,” అంది. “దేవసేన వేళ్ళు నరికింది. అది ఆమె తీర్పు. సభలో బాహుబలి వచ్చి, వేళ్ళు కాదు తల నరకాలని, నరికేశాడు. అందరూ ఆయనకే చప్పట్లు కొట్టారు. ఆమె చేసిన న్యాయాన్ని ఆయన సరిదిద్దినట్టయింది కదా? రెండోది, మొదటి సినిమాలో అవంతిక దేవసేనని విడిపించడానికి ప్రాణం పెట్టి తిరిగిన పిల్ల. ఇందులో ఆ పిల్ల ఎక్కడ? గుంపులో నాలుగు షాట్లు.”

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. 2015లో ఒక ఆంగ్ల పత్రికలో వచ్చిన వ్యాసం నాకు గుర్తొచ్చింది. మొదటి భాగంలో కథానాయకుడు శివుడు అవంతిక అనుమతి లేకుండా ఆమె జుట్టు విప్పి, వస్త్రాలు మార్చి, ‘ఆడపిల్ల’ని చేయడం ప్రేమ కాదని, బలవంతమని ఆ వ్యాసం వాదించింది. అప్పట్లో దాని మీద పెద్ద దుమారం రేగింది. నేనూ ఆ వ్యాసం మీద కోప్పడ్డాను, పూర్తిగా చదవకుండానే. ఆ రాత్రి అరుగు మీద చెల్లి మాట్లాడుతుంటే అర్థమైంది: మనం ప్రేమించిన సినిమాలో తప్పు చూపించినవాళ్ళు మన శత్రువులు కారు. మనకి వినిపించని పక్షం వాదనని వాళ్ళు మోసుకొస్తారు. విమర్శకుడికి ఉన్న నిజమైన పని అదే. స్టార్లు లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు; హాల్లో అందరూ చప్పట్లు కొడుతుండగా, కొట్టని ఒక్క మనిషి మనసులో ఏముందో రాయడానికి ధైర్యం కావాలి, ఆ సినిమా మీద ప్రేమ కూడా కావాలి.

అయితే విమర్శకులు చూడనిది మా అరుగు చూసింది. సమీక్షల్లో ఎక్కువ భాగం ఈ సినిమాని యుద్ధాల సినిమాగా కొలిచాయి. ఎంత పెద్దదిగా ఉంది, ఎంత నమ్మేలా ఉంది అని. ఇళ్ళలో మాత్రం దీన్ని కుటుంబ వ్యాజ్యంగా విన్నారు. అత్తా కోడలూ, పెంచిన కొడుకూ కన్న కొడుకూ, మాట పట్టింపూ, మధ్యలో చాడీలు చెప్పే ముసలాయన. కిరీటాలు తీసేస్తే గోదావరి జిల్లాల్లో పొలం గట్టున ఉన్న ఏ ఉమ్మడి ఇల్లయినా అదే. పోరాటాల సినిమాకి ఇల్లంతా కలిసి వెళ్ళాలంటే దాన్లో పోరాటం తగ్గించి, పిల్లల కోసం కామెడీ పెట్టాలని మనవాళ్ళు చాలాకాలం అనుకున్నారు. ఇందులో నెత్తురు తక్కువేం కాదు; తలలు తెగిపడతాయి. అయినా ఇల్లంతా కదిలింది. ప్రతి కత్తి వెనకా ఇంట్లో ఎవరో ఎవరితోనో సరిగా మాట్లాడకపోవడం ఉంది కాబట్టి.

మన భాష రాని చోట్లకి కూడా ఆ కత్తుల వెనకనున్న ఇల్లే చేరిందనుకుంటాను. హిందీ అనువాదం ఒక్కటే 500 కోట్లు దాటింది. అమెరికాలో సుమారు 2 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. అక్కడి మన పిల్లలు తాతయ్యల్ని, అమ్మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన సినిమా అది. 2017 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడింది. ప్రేక్షకులు గొంతెత్తి అరుస్తూ, వాయిద్యాలు మోగిస్తూ చూసే ప్రత్యేక ఆటలు అక్కడ వేశారు. 2018 వసంతంలో రాజమౌళి స్వయంగా వెళ్ళి అలాంటి ఒక ఆట చూసి వచ్చారు. నిశ్శబ్దంగా సినిమా చూస్తారని పేరున్న దేశంలో ఒక తెలుగు తల్లి, ఒక తెలుగు కోడలు వాళ్ళ చేత అరిపించారు. మన పల్లెటూరి నేల క్లాసుని వాళ్ళు ప్రేమగా అందుకున్నారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అధికారిక తీర్పులు కూడా ఒకేలా లేవు. మొదటి భాగాన్ని 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో దేశపు ఉత్తమ చిత్రమన్నారు. రెండో భాగానికి 65వ పురస్కారాలలో దక్కింది ఉత్తమ ప్రజాదరణ చిత్రం అన్న గౌరవం, దానితోపాటు స్పెషల్ ఎఫెక్ట్స్‌కీ, పోరాటాలకీ బహుమతులు. ఒకే కథకి రెండు సగాలు. ఒకటి ఉత్తమం, ఒకటి ప్రజలు మెచ్చింది. నన్నడిగితే రెండోది తక్కువ బిరుదు కాదు. ప్రజలు మెచ్చడం అంటే డబ్బు లెక్కే కాదు. లక్షల అరుగుల మీద వాదించుకోవడం కూడా.

మళ్ళీ ఆ రాత్రికి వస్తాను. అందరూ శివగామిని తప్పుపడుతున్నారు. నాన్నమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. అత్తగారి పక్షం అత్తగారే తీసుకుంటుందని మేమంతా ఎదురుచూస్తున్నాం. “చంపించడం తర్వాతిమాట,” అంది చివరికి. “తప్పు అక్కడ లేదురా. ఉత్తరం దగ్గరుంది. ఆ పిల్లని అడక్కుండా మాటిచ్చింది చూడు, అక్కడ.”

శివగామి పక్షం తీసుకున్నది మా అమ్మ. “ఆవిడకి నిజం చెప్పిందెవరు అత్తయ్యా?” అంది. “ఒక్కర్తీ రాజ్యం మోసింది, ఇద్దరు పిల్లల్ని మోసింది. పక్కనున్న మొగుడు చెప్పలేదు, కన్న కొడుకు చెప్పలేదు. బాహుబలి కూడా నేనే ప్రేమించానమ్మా అని ముందే ఒక ఉత్తరం ముక్క రాయలేదు. అందరూ ఆవిడే తెలుసుకోవాలనుకున్నారు.”

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు సినిమా గురించి కాదని మాకు తర్వాత తెలిసింది. 1988లో అమ్మకి పక్క ఊరి బడిలో టీచరు ఉద్యోగం వచ్చే అవకాశం ఉండేదట. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన పెద్దమనిషికి నాన్నమ్మ వీధిలోనే జవాబు చెప్పి పంపేసిందట: మా కోడలు రాదండీ, చంటిపిల్లాడున్నాడు. ఆ చంటిపిల్లాణ్ణి నేనే. అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతూ విన్నదట.

“అడగాల్సిందే నిన్ను,” అంది నాన్నమ్మ.

“నేనూ లోపల్నించి వచ్చి చెప్పలేదుగా అత్తయ్యా, వెళ్తానని.”

అంతే. ఇంకేమీ అనుకోలేదు. అమ్మ లేచి కంచాలు తీసింది, నాన్నమ్మ చెంబు అందించింది. ముప్పైయేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట, మాహిష్మతి అంతఃపురం మీదుగా తిరిగి మా అరుగు చేరింది. కోడలికి అత్త పక్షం కనిపించింది, అత్తకి కోడలి పక్షం కనిపించింది. నాన్న భాషలో చెప్పాలంటే, అవతలి పక్షం ఆలస్యంగానైనా హాజరైంది.

నేను ఆ రాత్రి ఫోన్ తీసి, గ్రూపులో రాసిన మూడు వాక్యాలు మళ్ళీ చదువుకున్నాను. అవి అబద్ధాలు కావు. తాటిచెట్ల మీంచి ఎగరడం ఇప్పటికీ నాకు నప్పదు. కానీ వాటిలో విన్న గుర్తు లేదు. ఒక్కసారి చూసి, బయటికొచ్చి, సినిమా ఎవరితో మాట్లాడుతోందో అడక్కుండా మాటిచ్చేశాను. సినిమా మీద తీర్పు చెప్పే హక్కు టికెట్ కొన్న అందరిదీ. అర్ధరాత్రి మెట్ల మీద చెప్పే హక్కు కూడా. మన పక్కసీటులో కూర్చున్న మనిషి ఎక్కడ వేళ్ళు బిగించిందో, ఎక్కడ చేతులు జోడించిందో కూడా చూశాక చెబితే ఆ తీర్పుకి బరువొస్తుంది. సమీక్ష రాసేవాళ్ళనీ నేను కోరేది ఇదే. తప్పులు పట్టండి, గట్టిగా పట్టండి. పట్టేముందు మ్యాట్నీకి ఒకసారి వెళ్ళండి.

2025 అక్టోబర్ 31న రెండు భాగాలనీ కలిపి, సుమారు మూడుముప్పావు గంటల నిడివితో, ‘బాహుబలి: ది ఎపిక్’గా మళ్ళీ విడుదల చేశారు. నిడివి కోసం కొన్ని పాటలు, శివుడు అవంతికల ప్రేమకథలో చాలా భాగం తీసేశారు. పదేళ్ళ కిందటి వ్యాసంలోని వాదన నాకు గుర్తొచ్చింది. చెల్లి ఇప్పుడు వకీలు, విశాఖలో ప్రాక్టీసు. నాన్నమ్మ లేదు. ఈసారి అమ్మా నేనూ మాత్రమే వెళ్ళాం. కొత్త కుర్రాళ్ళు విశ్రాంతి ఘట్టం దగ్గర కాగితాలు ఎగరేశారు. మొదటిసారి తెర మీద చూస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. జవాబు తెలిసీ వచ్చినవాళ్ళు వాళ్ళు. ప్రశ్న పాతబడినా సినిమా పాతబడలేదు.

కుంతలకి కానుకల పల్లకి బయల్దేరింది. అమ్మ నా వైపు వంగి, తెర మీంచి చూపు తిప్పకుండా, “ఇక్కడే మీ నాన్నమ్మ కుర్చీ పట్టుకుంది,” అంది.

ఎనిమిదేళ్ళ కిందట పక్కన కూర్చున్న అత్తగారి చేతిని ఆ కోడలు కూడా చూసిందన్నమాట.